తాతయ్య దాచిన విరిగిన ప్రొపెల్లర్: టైగర్ మాత్ సంగతి తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

పాతపెట్టె (సికింద్రాబాద్)
ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడి చర్చలు చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

బోయిన్‌పల్లిలో మా అమ్మమ్మగారి పాత ఇల్లు అమ్మకానికి పెట్టాం. పోయిన వారం వెనకాల రేకుల షెడ్డు ఖాళీ చేస్తుంటే, దూలం మీద గోనెపట్టాలో చుట్టి ఒక పెద్ద చెక్క దొరికింది. విప్పి చూస్తే విమానం ప్రొపెల్లర్. ఒక బ్లేడు నిక్షేపంగా ఉంది. రెండోది మధ్య బొడ్డు నుంచి జానెడు దూరంలో విరిగిపోయింది. బొడ్డు మీద అచ్చుగుద్దిన అక్షరాల్లో "జిప్సీ మేజర్" అన్నది చదవగలిగాను. పక్కన డి, పి అని రెండు అక్షరాలు, వాటి తర్వాత అంకెలు ఉన్నాయి కానీ అరిగిపోయాయి.

తాతయ్య రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బేగంపేట ఎయిర్‌డ్రోమ్‌లో వడ్రంగి. ఈ చెక్క ఇంటికి తెచ్చిన రోజే అమ్మమ్మ గడప దగ్గర ఆపేసిందట. "పోయినవాడి వస్తువు, లోపలికి రావడానికి వీల్లేదు" అందట. అప్పట్నుంచీ అది ఆ షెడ్డులోనే, అప్పట్లో అది గొడ్ల కొట్టం, ఉండిపోయింది. ఆ విమానంలో ఎవరో కుర్రాడు చనిపోయాడని మా ఇంట్లో అందరి నమ్మకం. తాతయ్య మాత్రం ఏమీ చెప్పలేదు. 1974లో పోయారు, అప్పటికి అమ్మకి పదహారేళ్లు.

ఇది టైగర్ మాత్ అనే పాత విమానానిదేనా? దానికి ఏమై ఉంటుంది? ఇల్లు కొనేవాళ్లు సామాను తీసెయ్యమంటున్నారు. దీన్ని ఏం చెయ్యాలో తేల్చుకునే ముందు తెలుసుకోవాలనిపించింది. ఫొటో జత చేశాను.


రెక్కచాటు (విశాఖపట్నం)
ఆదివారం రాత్రి 10:05

పాతపెట్టె గారూ, పడెయ్యకండి. దయచేసి పడెయ్యకండి.

జిప్సీ మేజర్ అన్నది ఇంజన్ పేరు. 130 అశ్వశక్తి, నాలుగు సిలిండర్లు, అవి తలకిందులుగా కిందికి వేలాడుతూ ఉంటాయి. ఆ రోజుల్లో బేగంపేటలో ఆ ఇంజన్‌తో ఎగిరిందంటే నూటికి తొంభై పాళ్లు డి హావిలాండ్ టైగర్ మాత్. రెండంతస్తుల రెక్కలు, ఒకరి వెనక ఒకరు కూర్చునే రెండు తెరిచిన గుంటలు, తోక కింద చక్రం బదులు ఒక ఉక్కు చెప్పు. బ్రేకులు లేవు. పైలట్ శిక్షణకి వచ్చిన కుర్రాడు మొట్టమొదట ఎక్కే విమానం అదే.

యుద్ధ కాలంలో మన దేశంలో పైలట్లకి ప్రాథమిక శిక్షణ ఇచ్చే పాఠశాలలు రెండు, ఒకటో నంబరు బేగంపేటలో, రెండోది జోధ్‌పూర్‌లో. 1930లలో హైదరాబాద్ ఏరో క్లబ్ మొదలైన మైదానమే బేగంపేట. ఇక్కడ టైగర్ మీద చేయి తిరిగినవాళ్లు అంబాలా వెళ్లి పెద్ద విమానాలు నేర్చుకునేవాళ్లు. అంటే మీ తాతగారు చెక్కపని చేసిన విమానాల మీద నేర్చుకున్న కుర్రాళ్లే తర్వాత బర్మా యుద్ధంలో ఎగిరారు.

పూర్తిగా ఉన్న బ్లేడుని బొడ్డు మధ్య నుంచి కొసదాకా కొలిచి చెప్పగలరా?


పాతపెట్టె
ఆదివారం రాత్రి 10:31

ఇప్పుడే టేపుతో కొలిచాను. మూడడుగుల పైన రెండంగుళాలు, కొంచెం అటూ ఇటూ. బ్లేడు ముందు అంచుకి ఇత్తడి రేకు తాపడం ఉంది. రేకు కొసన గుండుసూది తలకాయంత చిన్న చిన్న రంధ్రాలున్నాయి. మేకులతో ఎవరో పొడిచారేమో అనుకున్నాను.


పాత_ఫిట్టర్ (మల్కాజ్‌గిరి)
సోమవారం ఉదయం 6:20

బాబూ, అవి ఎవరూ పొడిచినవి కావు. చెక్కలో చేరిన తేమ బయటికి పోవడానికి పెట్టిన దారులు. ప్రొపెల్లర్ తిరిగేటప్పుడు లోపలి నీరంతా కొసకి నెట్టుకొస్తుంది. దారి లేకపోతే రేకు కింద చెక్క కుళ్లిపోతుంది. కొలత కూడా టైగర్‌కి సరిపోయింది.

నేను వైమానిక దళంలో ఇంజన్ ఫిట్టర్‌గా పనిచేశాను. టైగర్ మీద కాదు, దాని తర్వాత వచ్చిన హెచ్‌టీ-2 మీద. కానీ నాకు పని నేర్పినాయన టైగర్ల మీద చేయి తిరిగిన మనిషి. రిటైరయ్యాక ఒక ఫ్లయింగ్ క్లబ్‌లో చెక్క ప్రొపెల్లర్లతోనే కొన్నేళ్లు గడిపాను. ఆ ధైర్యంతో మాట్లాడుతున్నాను.

విరిగిన ప్రొపెల్లర్ సాక్ష్యం చెబుతుంది. మూడు విషయాలు చూసి చెప్పు.

ఒకటి, బాగున్న బ్లేడు ఇత్తడి అంచు మీద గాట్లు, నలుగుళ్లు ఏమైనా ఉన్నాయా. రెండు, బొడ్డులో బోల్టు రంధ్రాలు గుండ్రంగా ఉన్నాయా, కోలగా సాగాయా, లోపల మాడినట్టు నల్లగా ఉందా. మూడు, విరిగిన చోట చీలికలు ఏ వైపుకి వాలి ఉన్నాయి, వెనక్కా లేక తిరిగే దిక్కు పక్కకా. ప్రొపెల్లర్ ముందువైపు ఉబ్బుగా ఉంటుంది, వెనకవైపు చదునుగా ఉంటుంది. అలా పోల్చుకో.

తొందరేం లేదు. పగటి వెలుతురులో చూడు. చీలికల మీద చెయ్యి పెట్టి రుద్దకు, తుడవకు.


ఆక్లండ్_తెలుగు
సోమవారం ఉదయం 8:47

ఈ చర్చ చూసి పని మధ్యలో ఆగిపోయాను. మూడేళ్ల కిందట ఇక్కడ న్యూజిలాండ్‌లో ఒక టైగర్ మాత్‌లో ఇరవై నిమిషాలు ఎగిరాను. ముందు సీట్లో కూర్చోబెట్టారు. ఒంటరిగా ఎగిరేవాళ్లు వెనక సీట్లో కూర్చుంటారు, లేకపోతే బరువు తూకం తప్పుతుందట. శిక్షణలో గురువు ముందు, శిష్యుడు వెనక. మధ్యలో మాట్లాడుకోవడానికి వైర్లు, మైకులు ఏమీ లేవు. డాక్టరు స్టెతస్కోప్ లాంటి రబ్బరు గొట్టం ఒకటి, దాన్ని గాస్‌పోర్ట్ గొట్టం అంటారు. ముందున్నాయన గొట్టంలో అరిస్తే వెనకవాడి చెవిలో పడుతుంది.

నా మనసులో నిలిచిపోయింది పెట్రోల్ మీటరు. ట్యాంకు పై రెక్క మధ్యలో, సరిగ్గా నెత్తిమీద ఉంటుంది. ట్యాంకు మీద చిన్న గాజు గొట్టం నిలబెట్టి ఉంటుంది. ట్యాంకులో తేలే బెండుకి తగిలించిన పుల్ల ఆ గొట్టంలో పైకీ కిందకీ కదులుతుంది. తలెత్తి చూడాలి. పంపు లేదు, బావి గట్టున తొట్టిలోంచి కాలవకి వదిలినట్టు పెట్రోల్ తన బరువుతో తానే ఇంజన్‌లోకి దిగుతుంది. మొత్తం 86 లీటర్లు.

దీనికి ఇక్కడ వేరే జీవితం కూడా ఉంది. యుద్ధం అయ్యాక చవగ్గా అమ్మేస్తే కొని, ముందు సీటు పీకేసి అక్కడ ఎరువు తొట్టి పెట్టారు. 1949 నుంచి కొండల మీద గొర్రెల మేత నేలలకి సూపర్ ఫాస్ఫేట్ చల్లించారు. ఆ పనిలో చాలా విమానాలు పోయాయి. ఎత్తు తక్కువ, బరువు ఎక్కువ, చుట్టూ కొండలు. యుద్ధం దాటి బతికినవి కూడా సేద్యంలో చాలా మిగల్లేదు.


మెదక్_వాసి
సోమవారం మధ్యాహ్నం 1:15

మా ఊరు తూప్రాన్ దగ్గర. దుండిగల్ నుంచి శిక్షణ విమానాలు రోజూ మా పొలాల మీదికెళ్లే పోతుంటయి. చిన్నప్పటి నుంచి ఆ చప్పుడు వినుకుంటనే పెరిగినం.

2023 డిసెంబర్ 4 పొద్దున ఆ చప్పుడు ఒక్కసారి ఆగింది. పీసీ-7 అనే శిక్షణ విమానం కూలింది. నేర్పే ఆయన, నేర్చుకునే పిల్లగాడు ఇద్దరూ పోయిండ్రు. మేము ఉరికినం గానీ చేసేదేమీ లేకుండె. ఆ పొద్దు మా ఇంట్ల ఎవరూ అన్నం తినలే. ఎవరి కొడుకో మనకు తెల్వదు, కానీ మన నేల మీద పడ్డడు.

అందుకే మీ అమ్మమ్మ ఆ చెక్కను ఇంట్లకి ఎందుకు రానియ్యలేదో నాకు మంచిగ అర్థమైతది. అది భయం గాదు. ఎవరో కన్నతల్లి ఏడుపు దాంట్ల ఉందని అనుకున్నది.

నాదొక అడుగుడు. అప్పట్ల ఈ టైగర్ మాత్‌లు ఎక్కువ కూలేదా? ఎందుకు కూలేది?


రెక్కచాటు
సోమవారం సాయంత్రం 6:40

మెదక్_వాసి గారూ, మీరు రాసింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

మీ ప్రశ్నకి వస్తాను. ముందు ఆ విమానం ఎలా పుట్టిందో చెప్పాలి, కూలడానికీ బతికించడానికీ మూలాలు అక్కడే ఉన్నాయి కాబట్టి. దీనికి ముందు జిప్సీ మాత్ అని ఒకటి ఉండేది. జెఫ్రీ డి హావిలాండ్‌కి రెక్కల పురుగులంటే ప్రాణం, అందుకే తన విమానాలకి ఆ పేర్లు. జిప్సీ మాత్‌లో ముందు సీటు పై రెక్కకి సరిగ్గా కింద, ట్యాంకు నెత్తిమీద, చుట్టూ నాలుగు ఊతకర్రలు. ప్రమాదం వస్తే వీపున పారాచూట్ కట్టుకున్న గురువు అందులోంచి బయటపడలేడు. వైమానిక దళం ఒప్పుకోలేదు. అప్పుడు పై రెక్కని ముందుకి జరిపారు. జరిపితే బరువు తూకం చెడింది. తూకం కోసం రెక్కల్ని వెనక్కి వాల్చారు. టైగర్ మాత్ ఫొటోలో రెక్కలు కొంచెం వెనక్కి వాలి కనిపించేది అందుకే. చూడ్డానికి సొగసుగా ఉంటుంది గానీ, ఆ వాలు ఒక మనిషి దూకి బతకడానికి పెట్టింది. 1931 అక్టోబర్ 26న మొదటిసారి ఎగిరింది, మరుసటి ఏడే బ్రిటిష్ వైమానిక దళంలో చేరింది. అన్ని దేశాల్లో కలిపి 8,800 పైచిలుకు తయారయ్యాయి. కెనడాలో చలికి తట్టుకోలేక పైన అద్దాల మూత పెట్టుకున్నారు.

ఇక కూలడం. శిక్షణ విమానం శత్రువు చేతిలో పోయేది చాలా తక్కువ. ఎక్కువగా నేర్చుకునేవాడి చేతిలోనే పోతుంది. వేగం తగ్గించి మలుపు తిప్పితే రెక్క గాలిపట్టు వదిలేస్తుంది, విమానం బొంగరంలా తిరుగుతూ దిగుతుంది. ఎత్తుంటే సరిచెయ్యొచ్చు, లేకపోతే లేదు. ఇంజన్ ఆగితే ఎదురుగా ఉన్న చేలో దిగమని చెబుతారు. కుర్రాడికి మైదానం వెనక కనిపిస్తుంటుంది, అటు తిప్పబోతాడు. అక్కడే పోయేవాళ్లు. తెలిసినవాళ్ల ఊరి మీద కిందికి దిగి చూపించబోయి చెట్టుకో తీగలకో తగిలినవి కూడా ఉన్నాయి.

1941లో బొంగరం తిరుగుడు నుంచి కొన్ని టైగర్లు తేరుకోవడం లేదని గమనించి, తోక ముందు రెండు వైపులా సన్నటి పలకలు అతికించారు. ఈనాటికీ చాలా టైగర్లకి అవి కనిపిస్తాయి.


పాత_ఫిట్టర్
సోమవారం రాత్రి 8:02

రెక్కచాటు అమ్మ బాగా చెప్పింది. గాల్లో సంగతి ఆమె చెప్పింది, నేల మీద సంగతి నేను చెబుతా.

సెల్ఫ్ స్టార్టర్ లేదు. ఒక మనిషి ముందు నిలబడి ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పాలి. దానికో జపం ఉంది. కింద ఉన్నవాడు "స్విచెస్ ఆఫ్, పెట్రోల్ ఆన్, త్రాటిల్ క్లోజ్డ్, సక్ ఇన్" అని అరుస్తాడు, పైనున్నవాడు అదే తిరిగి చెబుతాడు. నాలుగు చుట్లు తిప్పాక "కాంటాక్ట్". అప్పుడు స్విచ్ వేస్తాడు, కిందవాడు ఒక్క లాగు లాగి వెనక్కి తప్పుకుంటాడు. ఒక్క మాట అటూ ఇటూ అయినా చెయ్యి పోతుంది. త్రాటిల్ తెరిచి ఉండి, చక్రాల కింద దిమ్మలు సరిగ్గా లేకపోతే విమానం తనంతట తానే పరుగు తీస్తుంది. బ్రేకు లేదు కదా, ఆపేది ఎవరు? మనిషి లేకుండా మైదానం దాటిపోయి గోడకి గుద్దుకున్న టైగర్ల సంగతి మా గురువు రెండు మూడు చెప్పాడు. అవీ నష్టం లెక్కలోకే వస్తాయి.

ఇంకొకటి ఎండ. మన ఎండకి రెక్కల మీది నారబట్ట పెళుసెక్కుతుంది. ఆ బట్టని లోపలి చెక్క పక్కటెముకలకి మైనం పట్టించిన దారంతో కుట్టి, కుట్ల మీద పట్టీ అతికించి, డోప్ అనే జిగురు రంగు పూత మీద పూత వేస్తారు. ఆరితే డోలు చర్మంలా బిగుస్తుంది. వేలితో మీటి చప్పుడు విని చెప్పేవాడు మా గురువు, ఇంకో ఏడాది పనికొస్తుందా లేదా అని. లోపల చెక్కకి అతుకు జిగురు. పాలవిరుగుడుతో చేసే కేసిన్ జిగురు మన వానలకి నిలవదు. 1944లో ఇదే కంపెనీ వాళ్ల మాస్కిటో విమానాలు మన దేశంలో రెక్కలు విడిపోయి కూలాయి. జిగురుదీ తయారీదీ లోపం అని తేలడానికి మనుషులు పోవాల్సి వచ్చింది.

పాతపెట్టె బాబూ, మీ తాతగారు వడ్రంగి అన్నావు. అలాంటి చోట వడ్రంగి అంటే బల్లలు, కుర్చీలు చేసేవాడు కాదు. రెక్కలోపల ఒక్కో పక్కటెముకని చూసి, ఎక్కడ అతుకు వదిలిందో వేళ్లతో తెలుసుకునేవాడు. పైలట్ విమానం బాగోగులు రాసే ఫారం 700 మీద సంతకం పెట్టి విమానం తీసుకుంటాడు. ఆ సంతకానికి పైన నేల మీద పనిచేసినవాళ్ల సంతకాలుంటాయి. ఎగిరినవాడు తిరిగి రాకపోతే ఆ రాత్రి వాళ్లకి నిద్ర ఉండదు. నాకు తెలుసు.


వడ్లవారి_మనవడు (నంద్యాల)
సోమవారం రాత్రి 9:26

మాది కొయ్యపని చేసే కుటుంబం. ఫొటో పెద్దది చేసి చూశాను. ఆ ప్రొపెల్లర్ ఒకే దుంగలోంచి చెక్కింది కాదు. పలకల మీద పలకలు అతికి, ఆరబెట్టి, తర్వాత చెక్కారు. బ్లేడు మీద వంకర గీతలు పొరలుపొరలుగా కనిపిస్తున్నాయి చూడండి, ఆ గీతలే అతుకులు. ఒకే దుంగ కాకుండా వేర్వేరు పలకలు కలిపి అతికారు కాబట్టి ఎండకీ వానకీ అంతగా మెలి తిరగదు.

అది విరిగిన తీరు చూస్తే అతుకు వదల్లేదు. కొయ్యే విరిగింది. అంటే అతికినవాడి పని గట్టిది.


పాతపెట్టె
మంగళవారం మధ్యాహ్నం 12:10

ఫిట్టర్ గారూ, ఈ పొద్దున ఎండలో చాప పరిచి దాని మీద పెట్టి చూశాం. అమ్మ కూడా పక్కన కూర్చుంది.

బాగున్న బ్లేడు ఇత్తడి అంచు మీద ఒక్క నలుగుడు కూడా లేదు. రంగు నల్లబడింది అంతే. బోల్టు రంధ్రాలు గుండ్రంగానే ఉన్నాయి. ఒకదాంట్లో చిటికెన వేలు పెట్టి చూశాను, లోపల నున్నగా ఉంది, మాడిన జాడ లేదు. విరిగిన చోట చీలికలు పొడుగ్గా, చదునుగా ఉన్న వైపుకి, అంటే వెనక్కి వాలి ఉన్నాయి. ముందువైపు కొయ్య సాగి తెగినట్టుంది, వెనకవైపు నలిగినట్టుంది.

ఇంకో సంగతి. బాగున్న బ్లేడు కొసన రెండు రంధ్రాల్లో మట్టి ఇరుక్కుని ఉంది. సూదితో కొంచెం తీసి తెల్ల కాగితం మీద వేస్తే నల్లగా ఉంది. మా బోయిన్‌పల్లి పెరట్లో మట్టి ఎర్రది.


పాత_ఫిట్టర్
మంగళవారం మధ్యాహ్నం 2:45

బాబూ, నువ్వు రాసింది మూడుసార్లు చదివాను.

ఇంజన్ జోరు మీద ఉండగా నేలని గుద్దితే ప్రొపెల్లర్ ఒక బ్లేడుతో ఊరుకోదు. నిమిషానికి రెండు వేల చుట్లు తిరుగుతుంది. మొదటిది తగిలిన మరుక్షణం రెండోది కూడా తగులుతుంది. రెండూ తునాతునకలవుతాయి, చీలికలు వెనక్కి కాకుండా తిరిగే దిక్కు పక్కకి వాలతాయి, బొడ్డు మెలిపడి బోల్టు రంధ్రాలు సాగుతాయి, ఒరిపిడికి మాడతాయి. నీ దగ్గరున్నదాంట్లో ఇవేవీ లేవు.

ఒకటే బ్లేడు, అదీ వెనక్కి విరిగిందంటే ఆ ప్రొపెల్లర్ అప్పటికే ఆగి ఉంది. ఒక బ్లేడు పైకి, ఒకటి కిందికి నిలబడి ఉన్నప్పుడు కిందది నేలకి తగిలి ముందు నుంచి వెనక్కి వంగి విరిగింది. అంటే ఇంజన్ గాల్లోనే ఆగిపోయింది. ఆ పైలట్ విమానాన్ని జారుడుగా దించుకుంటూ వచ్చి చేలో దిగాడు. టైగర్ నేల తాకే వేగం గంటకి 70 కిలోమీటర్ల దగ్గర, మంచి మోటార్ సైకిల్ వేగం. చక్రం గట్టుకి తగిలో బురదలో దిగబడో ముక్కు మీదికి లేచి ఉంటుంది.

ఇది నా అంచనా. కానీ గట్టి అంచనా.


రెక్కచాటు
మంగళవారం సాయంత్రం 5:30

నల్లమట్టి సంగతి నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. కింది బ్లేడు విరిగాక విమానం పూర్తిగా పల్టీ కొట్టి వెల్లకిలా పడితే, అప్పటిదాకా పైనున్న బ్లేడు కొస నేలకి ఆనుతుంది. అందుకే మంచి బ్లేడు కొసన రేగడి మట్టి ఇరుక్కుని ఉండొచ్చు కదా? సికింద్రాబాద్ చుట్టుపక్కల ఎర్ర చెలక ఎక్కువ. పడమరకి, వికారాబాద్, జహీరాబాద్ వైపు వెళ్తే నల్లరేగడి. శిక్షణలో అంత దూరం పోయి రావడం మామూలే.


పాత_ఫిట్టర్
మంగళవారం సాయంత్రం 6:11

అమ్మా, కావచ్చు. కానీ ఆ మట్టి మీద అంత బరువు మోపకు. చెరువు మట్టి కూడా నల్లగానే ఉంటుంది. గొడ్ల కొట్టంలో ఎనభై ఏళ్లు ఉన్న వస్తువు అది. ఎప్పుడో పెంటకుప్ప పక్కన నిలబెట్టి ఉండొచ్చు. విరిగిన తీరు మాత్రం అబద్ధం చెప్పదు.


మెదక్_వాసి
మంగళవారం రాత్రి 7:50

ఫిట్టర్ సార్, ముక్కు మీద లేచినా, బోర్ల పడినా అందులున్నోడు బతుకుతడా?


పాత_ఫిట్టర్
మంగళవారం రాత్రి 8:34

బతకడానికే ఎక్కువ వీలుంది బాబూ. అది బరువైన విమానం కాదు, ఖాళీగా ఉంటే 500 కిలోల పైన కొంచెం. నడుము భాగం ఉక్కు గొట్టాల చట్రం, పంజరంలా ఉంటుంది. పై రెక్క ముందు చితికి, ఆ దెబ్బంతా తను తీసుకుంటుంది. నడుముకీ భుజాలకీ బెల్టులుంటాయి. వెల్లకిలా పడితే బెల్టులకి వేలాడుతుంటాడు. కంగారులో బెల్టు ఊడదీసుకుని తలమీద పడి మెడ నొప్పి తెచ్చుకున్నవాళ్లున్నారని మా గురువు చెప్పేవాడు. భయమల్లా పెట్రోల్‌తోనే. ట్యాంకు నెత్తిమీదే కదా, కారి అంటుకుంటే కష్టం. కానీ ఈ కొయ్య మీద కాలిన మచ్చ లేదు. నిప్పు అంటుకుని ఉంటే ఇంజన్‌కి ఆనుకుని ఉండే ప్రొపెల్లర్ బొడ్డే ముందు నల్లబడేది.


ఆక్లండ్_తెలుగు
బుధవారం ఉదయం 5:55

ఒక్క మాట కలుపుతాను. టైగర్ ఎప్పుడూ క్షమిస్తుందని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోను. 2013 డిసెంబర్ 16న ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ తీరాన ఒక టైగర్ విన్యాసాలు చేస్తుండగా ఎడమ రెక్కలు ఊడిపోయి సముద్రంలో పడింది. ఇద్దరూ పోయారు. ఎడమ కుడి రెక్కల్ని నడుము అడ్డంగా కలిపి పట్టుకునే రెండు ఉక్కు కడ్డీలు, వాటి మరల దగ్గర ఎప్పట్నుంచో సన్నగా బీటలు వారుతూ వచ్చి తెగాయని దర్యాప్తులో తేలింది. పైకి కనబడవు. నేను ఎగిరింది ఆ ప్రమాదం తర్వాతే. ఎక్కే ముందు కడ్డీలు మార్చారా అని అడిగాను. ఆ పెద్దాయన విసుక్కోలేదు, కాగితాలు తెచ్చి చూపించాడు.


రెక్కచాటు
బుధవారం ఉదయం 9:20

చర్చ ఇంతదూరం వచ్చింది కాబట్టి, ఈ విమానం చేసిన మిగతా కొలువుల గురించి రెండు ముక్కలు. చాలామందికి తెలియని సంగతులు.

1939 డిసెంబర్‌లో బ్రిటన్ దగ్గర తీరం కాపలాకి సరిపడా విమానాలు లేక, ఆయుధాలే లేని టైగర్లని సముద్రం మీదికి పంపారు. జలాంతర్గామి నడిపేవాడు పైన విమానం చూసి జడిసి మునిగిపోతే చాలని. చేలో దిష్టిబొమ్మ పెట్టినట్టే, ఆ గస్తీ పేరు కూడా అదే. పైలట్ దగ్గర ఒక సిగ్నల్ పిస్తోలు, బుట్టలో రెండు పావురాలు. విమానం నీళ్లలో పడితే పావురం కబురు తీసుకెళ్లాలి. చలికాలం సముద్రంలో, ఒంటి ఇంజన్ విమానంలో! 1940 నడుమకల్లా ఆపేశారు.

క్వీన్ బీ అని ఇంకోటి. 1935 నుంచి, మనిషి లేకుండా రేడియోతో నడిపిన టైగర్. ఫిరంగి దళాల గురి సాధనకి దాన్ని ఎగరేసి కాల్చేవాళ్లు. కూలడానికే పుట్టిన విమానం అది. బర్మాలో కొన్ని టైగర్లకి వీపు మూత తెరిచేలా మార్చి, గాయపడినవాణ్ణి పడుకోబెట్టి అడవిలో చదును చేసిన చిన్న రన్‌వేల మీంచి తీసుకొచ్చారు.

మన దగ్గర దీని తర్వాత హెచ్‌టీ-2 వచ్చింది, వి.ఎం. ఘాటగే బృందం బెంగళూరులో రూపొందించింది, 1951లో ఎగిరింది. తర్వాత హెచ్‌పీటీ-32. దాని ఇంజన్ గాల్లో ఆగిపోవడం పెద్ద సమస్య అయింది. 2009 జూలై 31న మెదక్ జిల్లాలో కూలి ఇద్దరు పైలట్లు పోయాక ఎగరడం ఆపేశారు. 2013 నుంచి పీసీ-7. నెత్తిమీద తొట్టిలోంచి పెట్రోల్ జారే పాత టైగర్‌కి ఆ ఒక్క చిక్కు తక్కువ. అయినా మట్టి, నీళ్లు చేరితే అదీ ఆగేది, ఈ ప్రొపెల్లరే సాక్ష్యం.

2012లో మన వైమానిక దళం ఒక టైగర్‌ని బాగు చేయించి ఢిల్లీ దగ్గర హిండన్‌లో మళ్లీ ఎగరేసింది. టీవీలో చూస్తూ నేనూ నాన్నా లేచి నిలబడ్డాం.


పాతపెట్టె
గురువారం రాత్రి 10:48

ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నిన్నంతా అల్వాల్‌లో ఉన్నాను.

అమ్మమ్మ చెల్లెలు, మా చిన్నమ్మమ్మ, అక్కడ ఉంటుంది. తొంభై దాటాయి. చూపు మందగించింది కానీ మాట స్పష్టం. ఫిట్టర్ గారు రాసిందంతా చదివి వినిపించాను. ఇంజన్ ఆగింది, చేలో దింపాడు, బతికే ఉంటాడు అన్న దగ్గర చెయ్యెత్తి ఆపింది.

"బతకలేదని ఎవరన్నారు?" అంది. "మీ తాత ఆ రాత్రి ఇంటికి రాలేదు. మర్నాడు పొద్దున వచ్చి అన్నం ముందు కూర్చుని, వాడు నడిచొచ్చాడు పిల్లా, నడిచొచ్చాడు అని రెండుసార్లు అన్నాడు. నేను అప్పుడు అక్క దగ్గరే ఉన్నా. చిన్నదాన్ని, నాకేం అర్థం కాలేదు."

మరి అమ్మమ్మ ఎందుకలా అంది అని అడిగాను. తాతయ్య ఆ చెక్క తెచ్చింది అదే రోజు కాదట, చాలా నెలల తర్వాతట. అప్పటికి అదే బ్యాచ్‌లో ఇంకో కుర్రాడు ఇంకెక్కడో పోయాడని కబురొచ్చిందట. అమ్మమ్మ ఆ రెండూ ఒకటే అనుకుందో, తెలిసే ఆ పిల్లాడి కోసం ఆ మాట అందో, చిన్నమ్మమ్మకీ తెలియదు. తాతయ్య సరిదిద్దలేదు.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. అమ్మ ఏమీ మాట్లాడలేదు. ఈ సాయంత్రం నేను లేనప్పుడు పొడిబట్టతో దుమ్ము దులిపి, తనే ఎత్తుకుని లోపలికి తెచ్చింది. ఇప్పుడు మా హాల్లో గోడకి ఆనించి ఉంది. వార్నిష్ వెయ్యమంటారా?


పాత_ఫిట్టర్
గురువారం రాత్రి 11:05

నిద్రపోయే ముందు చూడ్డం మంచిదైంది. బాబూ, వార్నిష్ వద్దు. ఇత్తడిని తోమొద్దు. ఇంకొకటి, నిలువుగా ఆనించొద్దు. నిలబెడితే తేమంతా కింది కొసకి దిగి చెక్క ఒకవైపు బరువెక్కుతుంది. మేము విమానాన్ని పార్క్ చేసినా ప్రొపెల్లర్‌ని అడ్డంగా తిప్పే వదిలేవాళ్లం. రెండు కొయ్య మేకులు కొట్టి వాటి మీద అడ్డంగా పెట్టు.

మీ చిన్నమ్మమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.


మెదక్_వాసి
గురువారం రాత్రి 11:20

నడిచొచ్చిండు అన్న మాట మా నాయనకు చదివి వినిపించిన. మళ్ళొకసారి చదువుమన్నడు.


పాతపెట్టె
శుక్రవారం ఉదయం 7:30

అడ్డంగా పెట్టాం ఫిట్టర్ గారూ. విరిగిన వైపు కిటికీ దగ్గరికి వచ్చింది.